పిలోమాట్రికోమానా, ట్రైకోఎపిథీలియోమానా?

వైజాగ్ ఉక్కపోతకి ఒంటి మీద ఏం లేచినా చెమటకాయేలే అనేస్తాం. వెంట్రుక కుదుళ్లలో పుట్టే ఈ రెండు గడ్డలు వేరే రకం. రెండూ క్యాన్సర్ కావు.

పిలోమాట్రికోమా ఎక్కువగా పిల్లలకు ముఖం, మెడ, చేతుల మీద వస్తుంది, సాధారణంగా ఒక్కటే. కాల్షియం పేరుకుని రాయిలా గట్టిపడుతుంది. ఒక కొస నొక్కితే రెండో కొస పైకి లేస్తుంది. 1880లో దీన్ని వర్ణించిన వైద్యులు మలెర్బ్, షెనాంటే ఇది నూనె గ్రంథుల్లో పుట్టిందనుకున్నారు పాపం! చిన్న ఆపరేషన్‌తో తీసేస్తే మళ్లీ రావడం అరుదు.

ట్రైకోఎపిథీలియోమాతోనే నాకు టెన్షన్. ముక్కు చుట్టూ చర్మం రంగులోనే చిన్న బుడిపెలు. గుంపుగా వస్తే చాలాసార్లు వంశపారంపర్యమే, సీవైఎల్‌డీ అనే జన్యువులో లోపం. లేజర్ చేయించినా మళ్లీ లేవొచ్చు. పైగా బేసల్ సెల్ క్యాన్సర్‌ను పోలి ఉంటాయి. పార్లర్‌లో గిల్లించుకోకుండా కేజీహెచ్ (వైజాగ్ కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల విభాగంలో చూపించి, డాక్టర్ అడిగితే బయాప్సీకి (చిన్న ముక్క తీసి చేసే పరీక్షకి) ఒప్పుకోండి.