బియ్యంలో ఫోన్, ఫ్రీజర్‌లో రూపాయి బిళ్ల: ఏడేళ్లు వాడి చూసిన చిట్కాలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర మా ఊళ్లో, అమ్మానాన్నల ఇంట్లో ఉన్నాను. పొద్దున్న తలుపు తీస్తే వీధికి అడ్డంగా కొబ్బరి చెట్లు పడి ఉన్నాయి. మా వీధికి తొమ్మిది రోజులు కరెంటు రాలేదు. నా ఫోన్‌లో 31 శాతం చార్జింగ్, పర్సులో నాలుగు వందల రూపాయలు, ఆగిపోయిన ఫ్రిజ్‌లో నాన్న ఇన్సులిన్. ఆన్‌లైన్‌లో చూసి దాచుకున్న చిట్కాలు అప్పటికే నా దగ్గర వందకు పైగా ఉన్నాయి. ఆ తొమ్మిది రోజుల్లో అక్కరకొచ్చింది ఒక్కటే. అప్పటి నుంచి ఏ చిట్కా కనబడినా ముందు మా ఇంట్లో చేసి చూసి, కొన్ని నెలలు వాడాకే మరొకరికి చెబుతున్నాను.

ఆ ఒక్కటీ ఏమిటంటే, ఫోన్ టార్చి మీద నీళ్ల బాటిల్ నిలబెట్టడం. టార్చి వెలుతురు ఒక్కచోటే పడి కళ్లలో గుచ్చుకుంటుంది. నీళ్ల గుండా వెళ్తే చెదిరి గదంతా పరుచుకుంటుంది. రెండు చుక్కల పాలు కలిపితే ఇంకా మెత్తగా ఉంటుంది. అమ్మ ఆ వెలుతురులోనే అన్నం వార్చింది. కాకపోతే టార్చి ఫోన్ చార్జింగ్‌ను తినేస్తుంది. అందుకని ఇప్పుడు బాటిల్ కింద ఫోన్ పెట్టడం లేదు, చిన్న ఎల్ఈడీ టార్చి పెడుతున్నాం.

ఎక్కువ కాలం పరీక్షించింది ఇన్సులిన్‌ను చల్లగా ఉంచే కుండ. ఆ రోజు నాన్న "ఏటవుద్దే, నాలుగు రోజులు మందు బయటుంటే?" అన్నారు. నాకేమో టెన్షన్. తర్వాత శ్రీకాకుళంలో డాక్టరును అడిగితే తెలిసింది: వాడకం మొదలెట్టిన సీసాను, గది మరీ వేడెక్కకపోతే, బయటే ఉంచి సుమారు నాలుగు వారాలు వాడుకోవచ్చు. మూత తీయని సీసాలు మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మీ మందు సంగతి మీ డాక్టరునే అడగండి, రకాన్ని బట్టి గడువు మారుతుంది.

కుండ చిట్కా ఇదీ: పెద్ద కుండలో చిన్న కుండ, రెండింటి మధ్య తడి ఇసుక, పైన తడి గుడ్డ. వీడియోల్లో చూస్తే ఫ్రిజ్‌కు సాటి అన్నట్టే చెబుతారు. నేను లోపలొక థర్మామీటరు, బయటొకటి పెట్టి రెండేళ్లు రాసుకున్నాను. మార్చిలో పొడిగాలి వీచిన మధ్యాహ్నాల్లో లోపల ఆరు డిగ్రీల దాకా తగ్గింది. ముసురు పట్టిన రోజు రెండు డిగ్రీలు కూడా తగ్గలేదు. కారణం తేలికే. నీరు ఆవిరవుతూ కుండలోని వేడిని తీసుకుపోతుంది, అదే చల్లదనం. మన తీరంలో గాలే తడిగా ఉంటే నీరు ఇంక ఎక్కడ ఆవిరవుతుంది? ఎక్కడో పొడి నేలలో పుట్టిన చిట్కాను ఉద్దానానికి తెచ్చుకుంటే అంతే ఫలితం వస్తుంది. వేసవిలో వాడుతున్న సీసాకు కుండ మంచిదే, ఇప్పటికీ వాడుతున్నాం. నెలకు సరిపడా మందు దాచడానికి మాత్రం చాలదు.

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. ఈసారి వాతావరణ శాఖ హెచ్చరిక వినగానే, రెండు రోజుల ముందే, లీటరు బాటిళ్లలో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో గడ్డ కట్టించాను. గడ్డ కడితే ఉబ్బుతాయి కాబట్టి పైన కొంచెం ఖాళీ వదలాలి. చేపల బజారులో అడిగి థర్మాకోల్ పెట్టె తెచ్చి, శుభ్రంగా కడిగి ఎండబెట్టాను. కరెంటు పోగానే బాటిళ్లు అందులోకి మార్చి, ఇన్సులిన్‌ను మందపాటి తువ్వాలులో చుట్టి పక్కన పెట్టాను. మందు ఐసుకు తగలకూడదు, గడ్డ కడితే ఇక పనికిరాదు. పెట్టె దాదాపు ఒకటిన్నర రోజు చల్లగా నిలిచింది. ఈ ఏడేళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ నిమ్మళాన్నిచ్చింది ఈ పెట్టే.

దాంతోపాటే రూపాయి బిళ్ల. చిన్న గిన్నెలో నీళ్లు గడ్డ కట్టించి, పైన బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లోనే ఉంచాలి. మనం ఊళ్లో లేనప్పుడు కరెంటు చాలాసేపు పోతే ఐసు కరిగి బిళ్ల అడుగుకు దిగుతుంది. కరెంటు తిరిగొచ్చి మళ్లీ గడ్డ కట్టినా బిళ్ల అడుగునే దొరుకుతుంది. ఒకసారి నాలుగు రోజుల తర్వాత శ్రీకాకుళంలోని ఇంటికి వస్తే పక్కింటి వదిన "కరెంటు కాసేపే పోయింది" అంది. చూస్తే బిళ్ల అడుగున ఉంది. చేపలు, పాల ప్యాకెట్లు పారేశాను.

ఇక తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెడితే ఆరిపోతుందనే చిట్కా. 2019 వానాకాలంలో తమ్ముడి ఫోన్ నూతి దగ్గర తొట్టిలో పడింది. నేనే బియ్యం డబ్బాలో రెండు రోజులు కప్పిపెట్టించాను. ఆన్ అయింది గానీ స్పీకరు పోయింది, చార్జింగ్ రంధ్రంలో పిండి దూరింది. లోపలి నీటిని బియ్యం బయటికి లాగలేదు. నీళ్లలోని లవణాలు లోపలి భాగాలను తుప్పు పట్టిస్తుంటే మనం రెండు రోజులు ఊరికే కూర్చున్నట్టే. బియ్యంలో పెట్టొద్దని, నలుసులు లోపలికి పోయి ఫోన్ పాడవచ్చని యాపిల్ సంస్థే 2024లో తన సూచనల్లో చెప్పింది. చేయాల్సింది ఇదీ: వెంటనే ఆఫ్ చేసి, సిమ్ ట్రే తీసి, చార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా మెల్లగా తట్టి, ఫ్యాను గాలికి పెట్టాలి. పూర్తిగా ఆరేదాకా చార్జింగ్ పెట్టకూడదు. స్క్రీన్ గీతలకు టూత్‌పేస్టు రుద్దే చిట్కా కూడా ఇలాంటిదే. గీత పోలేదు, అద్దం మీద నునుపు పూత పోయి వేలిముద్రలు తుడిచినా పోవడం మానేశాయి.

నా పరీక్షల్లో తేలింది ఇదే: చెడిపోయాక బాగుచేస్తామనే చిట్కాలు చాలావరకు ఓడిపోయాయి, ముందే చేసి పెట్టుకునేవి నిలబడ్డాయి.

అలా నిలబడ్డ వాటిలో గూగుల్ మ్యాప్స్‌లో జిల్లా పటం ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం ఒకటి. సీతంపేట కొండ దారుల్లో సిగ్నల్ పోయినా నీలం చుక్క మాత్రం మనతోనే కదిలింది. మనం ఎక్కడున్నామో ఫోన్ ఉపగ్రహాల సంకేతాలతోనే లెక్కగడుతుంది, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. మరొకటి *#06# కొట్టి, ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యను, అంటే ఐఎంఈఐ నంబరును, కాగితం మీద రాసుకోవడం. నా ఫోన్ బస్సులో పోయినప్పుడు పోలీసు ఫిర్యాదుకు, కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో బ్లాక్ చేయించడానికి ఆ నంబరే అడిగారు. మూడు నెలలకు ఫోన్ దొరికింది. రాసుకోకుంటే ఆ నంబరు కోసం ఫోన్ కొన్నప్పటి డబ్బా వెతుక్కునేదాన్ని.

బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలని చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపేయడం నాలుగేళ్లుగా చేస్తున్నాను, బ్యాటరీ ఇంకా రోజంతా వస్తోంది. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు మాత్రం నూటికి నూరు నింపండి. ఇంటర్నెట్ లేకుండా, ఫోన్‌లో *99# కొట్టి బ్యాంకు ఖాతా నుంచి 5,000 రూపాయల దాకా పంపడం కూడా చేసి చూశాను, పనిచేసింది. టవరే పడిపోతే అదీ రాదు. తిత్లీ తర్వాత మా ఊళ్లో కొట్లు నోట్లే తీసుకున్నాయి, అందుకే ఇంట్లో చిల్లర నోట్లు ఉంచుతున్నాను.

అమ్మకు తెలుగులో మాట్లాడితే టైపయ్యే సదుపాయం నేర్పాను. వార్తలు చదివినట్టు మాట్లాడితే బాగానే రాస్తుంది. అమ్మ "ఏటి సేస్తన్నావు" అంటే ఇంకేదో రాస్తుంది. అమ్మ మాట మార్చుకోవాల్సిన పని లేదు కదా, వాయిస్ మెసేజ్‌లు పంపమన్నాను. దానికంటే మేలైంది, మా అందరి ఫొటోలను హోమ్ స్క్రీన్ మీద పెట్టి, ముట్టుకుంటే నేరుగా కాల్ వెళ్లేలా చేయడం. చదువు రాని అమ్మ ఆరేళ్లుగా ఎవరినీ అడగకుండా మాకు ఫోన్ చేసుకుంటోంది.

ఇప్పుడు పరీక్షలో ఉన్నది మడత సోలార్ చార్జర్. ఎండలో బాగానే ఎక్కుతోంది, మబ్బు పట్టిన రోజు దాదాపు ఏమీ ఎక్కలేదు. తుఫాను వెళ్లిన మొదటి రోజుల్లో మాకుండేది మబ్బే. ఇంకో వానాకాలం చూసేదాకా నేనైతే దాన్ని కొనమని ఎవరికీ చెప్పను. పవర్ బ్యాంకే నింపి ఉంచుతున్నాను.