ప్లాస్టిక్ తోరణమా, మామిడాకులా?

ఒడిశాలోని రాయగడలో మా ఇంట్లో ప్రతి పండక్కీ ఇదే గొడవ.

ఖర్చు: ప్లాస్టిక్‌ది ఒక్కసారే. ఆకులు పెరట్లోవే, ఊరికే వస్తాయి.
శ్రమ: దానికి దుమ్ము దులిపితే చాలు. దీనికి చెట్టెక్కాలి, ఆ టెన్షన్ నాదే.
రిస్క్: ఆకులు ఎండిపోతాయి. ప్లాస్టిక్ పారేసినా పోదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది: నకిలీది అసలుదానికి సమానమా? ఫిలిప్ కె. డిక్ అనే రచయిత 1968 నాటి నవలలో హీరో డాబా మీద కరెంటుతో నడిచే నకిలీ గొర్రెను పెంచుతాడు. నిజం గొర్రె చచ్చిపోయింది, ఇంకోటి కొనే స్తోమత లేదు. పక్కవాళ్లకు తెలియకూడదని తంటాలు పడతాడు. గొర్రెకు మాత్రం అతనున్నా లేకున్నా ఒకటే.

తవ్వేసిన చోట మళ్లీ పెంచిన అడవిని 1982లో రాబర్ట్ ఎలియట్ అనే తత్వవేత్త నకలు పెయింటింగ్‌తో పోల్చాడు. చూపుకి ఒకేలా ఉన్నా పుట్టుక వేరు కదా! మా జిల్లాలోనూ పక్క కలహండిలోనూ ఉన్న నియమగిరి కొండల్లో బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వకం వద్దని 2013లో 12 గ్రామసభలు తేల్చి చెప్పాయి. అక్కడి గిరిజనులైన డోంగ్రియా కోంధులకు ఆ కొండ వాళ్ల దేవుడు నియమరాజు ఇల్లు. మళ్లీ నాటితే మొక్కలొస్తాయి, ఆయన రాడు.

తాళం వేసి ఊరెళ్లేవాళ్లకు ప్లాస్టిక్ తోరణం సరే. ఇప్పటికే పాడైన నేలకు నాటిన అడవే దిక్కు. నిలబడి ఉన్న కొండను, తర్వాత పెంచుతాంలే అని తవ్వడానికి మాత్రం ఆ లెక్క చెల్లదు.