ఇంగ్లిష్ బడిల, హిందీ బజార్ల.. ఏది మేలు?

మా ఇంట్ల ప్రతి దసరాకు ఇదే లొల్లి. మా చిన్నాయన ఏడో తరగతి దాకనే చదివిండు, మక్తల్ దిక్కు నుంచి గుంపు మేస్త్రీ వెంబడి బొంబాయి పోయి ఆర్నెల్లల్ల హిందీ గడగడ మాట్లాడవట్టె. మా అక్క కొడుకేమో నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియమే, ఇప్పుడు మహబూబ్‌నగర్ల టెన్త్, పేపర్ల పొడుగు వాక్యం ఒక్కటొస్తే మూడుసార్లు చదువుతడు. "బడిల ఏం రాదురా, బయటికి తోలుండ్రి" అంటడు చిన్నాయన. సగం కరెక్టే.

కానిది ముందు చెప్త. ఆయన హిందీకి సగం పని మన తెలుగే చేసిపెట్టింది. "నేను రేపు ఊరికి పోత", "మై కల్ గావ్ జావూంగా", మాటకు మాట అదే వరుస, క్రియ చివర్నే. మన బజార్ల దక్కనీ అయితే ఇంకా సుఖం, "వస్త అని చెప్పిండు" అనాల్నంటే "ఆతూం బోల్కే బోల్యా", మనం అని అనే కాడ బోల్కే పెడితే అయిపాయె. అది చిన్నప్పటి నుంచి చెవిల పడ్డదే గదా.

ఇంగ్లిష్ గట్ల కాదు. "కుక్క పిల్లిని కరిచింది", "పిల్లిని కుక్క కరిచింది", ఎట్ల తిప్పినా కరిచింది కుక్కనే, ఎందుకంటే 'ని' చెప్తది. ఇంగ్లిష్ల ఆ రెండు పేర్లు అటిటు చేసిన్రనుకో, కరిచేది పిల్లి అయితది. 1970ల బెవర్ అనే భాషా పరిశోధకుడు ఒక వాక్యం రాసిండు, "ద హార్స్ రేస్డ్ పాస్ట్ ద బార్న్ ఫెల్", ఇంగ్లిషోళ్లే బోర్లపడే వాక్యం. అదే తెలుగుల "కొట్టం పక్కపొంటి ఉరికిచ్చిన గుర్రం పడ్డది", ఏం తిప్పల లేదు, 'నేను' అనే మాట లేకుండ 'ఉరికిచ్చిన' అన్నంక ఇంకా పేరు రావాలెనని తెలిసిపోతది, 'ఉరికింది' అంటే మాట అక్కడికే అయిపోయింది. 'రేస్డ్' మాత్రం రెండిటికీ ఒకటే మొఖం. మనం మాట తోక చూసి అర్థం చేస్కునేటోళ్లం, మా పోరడు ఆగి ఆగి చదువుతుండంటే వానికి తెలివి లేక కాదు.

ఇగ చిన్నాయన మాటల కరెక్టున్న సగం. 2006ల క్లాసెన్, ఫెల్సర్ అనే భాషా పరిశోధకులు ఏమన్నరంటే, పెద్దయినంక భాష నేర్చినోళ్లు వాక్యం కట్టుబడి లోతుగ చూడరు, అర్థాన్ని బట్టి నెట్టుకొస్తరని. 2013ల ప్లియాట్సికాస్, మారినిస్ అనే ఇంకో ఇద్దరు పరిశోధకులు గ్రీకు మాతృభాష ఉన్నోళ్లను చూసిన్రు, కొందరు క్లాసులనే ఇంగ్లిష్ నేర్చినోళ్లు, కొందరు సగటున తొమ్మిదేండ్లు ఇంగ్లిష్ మధ్యల బతికినోళ్లు. మెలికలున్న పొడుగు వాక్యాలిచ్చి ఒక్కో ముక్క ఎంతసేపు చదువుతున్నరో కొలిస్తే, మధ్యల బతికినోళ్లు ఇంగ్లిషోళ్ల లెక్కనే చదివిన్రు, క్లాసోళ్లు చదవలే. అంటే మాతృభాష అడ్డమొచ్చినా పరిసరం దాన్ని దాటిస్తది, కాని ఏండ్లకేండ్లు పడ్తది, ఆర్నెల్లల్ల కాదు.

పరిసరం సొంత భాషను గూడ కదిలిస్తది. "బాల్కనీల నిలబడ్డ హీరోయిన్ పనిమనిషి", నిలబడ్డదెవరు? నాకు హీరోయిన్ అనిపిస్తది, మా ఇంటామె పనిమనిషే అంటది. ఇసొంటి వాక్యానికి స్పానిష్ వాళ్లు పనిమనిషి దిక్కు, ఇంగ్లిష్ వాళ్లు హీరోయిన్ దిక్కు మొగ్గుతరని 1988లనే తేలింది, ఆ స్పానిష్ వాళ్లే ఇంగ్లిష్ మధ్యల చాన్నాళ్లుంటే స్పానిష్ చదివినా హీరోయిన్ దిక్కే పోతరంట.

నన్నడిగితే బజారే మేలు, కాని పాలమూర్ల ఇంగ్లిష్ బజారేడున్నది? ఇంగ్లిష్ మీడియం అంటున్నరు గని సార్ ఒక లైన్ చదివి తెలుగుల చెప్తడు, అది క్లాసే, పరిసరం కాదు. పరీక్షకైతే అది సాలు. పోరనికి క్రికెట్ కామెంట్రీ ఇంగ్లిష్ల పెట్టమన్న, గంటలకు గంటలు చెవిల పడుతది.

చిన్నాయన బజారు హిందీకి గూడ కత ఉన్నది. మొన్న సేటు వాట్సాప్ల హిందీ అక్షరాలల్ల పొడుగు మెసేజ్ పెడితే ఆయనకు ఒక్క ముక్క చదవరాలె. బడిల హిందీ చదివిన మా అక్క కొడుకు అక్షరం అక్షరం కూడబలుక్కుంట పైకి చదివిండు, వానికి ఒక్క ముక్క అర్థం గాలె. "ఆగు ఆగు, మల్ల చదువు" అనుకుంట చిన్నాయన పక్కన కూసోని తెలుగుల చెప్పుకుంట పోయిండు.