ఎగిరే లడ్డూలా, రాయబారం పద్యాలా?

ఇష్టమైన నాటకం ఏదని ఎవరైనా అడిగితే నా నోట వెంటనే వచ్చే పేరు పాండవోద్యోగ విజయాలు. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఒకే సాయంత్రం ఒక హాల్లో అందులోని శ్రీకృష్ణ రాయబారం, మరో హాల్లో సురభి నాటక సమాజం వారి మాయాబజార్ ఉంటే నా కాళ్ళు ఎటు నడుస్తాయో నాకు తెలుసు. మర్నాడు ఆఫీసులో మాత్రం నాటకానికి వెళ్ళానని చెప్పి అక్కడితో ఆపేస్తాను. ఏ నాటకం అని అడిగితే కాఫీ చల్లారిపోతోందంటాను.

ఈ సిగ్గు మా పెదనాన్న చలవ. పాండవోద్యోగ విజయాలు రాసిన తిరుపతి వెంకట కవుల పద్యాలు ఆయనకు కంఠోపాఠం. స్నానాల గదిలో మొదలుపెట్టిన పద్యం భోజనాల దగ్గర ముగించేవారు. చిన్నప్పుడు సురభి వాళ్ళు మా ఊళ్ళో డేరా వేస్తే, పదిరోజుల్లో నాలుగుసార్లు వెళ్ళొచ్చిన నన్ను చూసి, "తీగలు కట్టి బాణాలు వదలడం గారడీ అవుతుంది గానీ నాటకం ఎలా అవుతుందిరా?" అన్నారు. ఆ ప్రశ్నకు ఇన్నేళ్ళలో నాకు దొరికిన జవాబు ఇది. కాస్త పొడుగైంది.

ముందు ఆయన పక్షం. రాయబారంలో "చెల్లియో చెల్లకో" అని కృష్ణుడు అందుకునే పద్యం చూడండి. పాండవులు ఇంతవరకు ఓర్చారు, నన్ను సంధికి పంపారు, నీ పిల్లాపాపలు, ప్రజలు చల్లగా ఉండేలా సంధి చేస్తావా, యుద్ధమే కావాలంటావా, తేల్చి చెప్పు అంటాడు. నాలుగు పాదాల్లో దౌత్యం మొత్తం అయిపోయింది. సమాసాల బరువు లేదు, పొలం గట్టు మీద నిలబడి విన్నవాడికీ అర్థమవుతుంది. దాన్ని పీసపాటి నరసింహమూర్తి వంటి వారు పాడితే జనం రెండోసారి, మూడోసారి అడిగి పాడించుకున్నారంటే ఆశ్చర్యం ఏముంది? హార్మోనియం ముందుగా శ్రుతి అందించడం, నటుడు ఒక అడుగు ముందుకు వేయడం, హాలంతా సర్దుకుని కూర్చోవడం, ఆఖరి పాదం తర్వాత రాగం ఎంతకీ తెగకుండా సాగుతుంటే మన ఊపిరి కూడా అక్కడే ఆగడం. ఇది మాయాబజార్‌లో దొరకదు. సురభి వాళ్ళూ పాడతారు, బాగానే పాడతారు. కానీ అక్కడ పాట కథను లాక్కుపోయే ఎద్దు. ఇక్కడ పాటే ఊరేగే దేవుడు.

సత్య హరిశ్చంద్రలో హరిశ్చంద్రుడు కాటికాపరిగా నిలబడే కాటిసీను ఇంకో మెట్టు పైన. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోకి జాషువా శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరాయి. "ఇచ్చోటనే" అని హరిశ్చంద్రుడు మొదలుపెడితే ఆ పద్యాలు నాటకానివి కావని ఎవరికీ గుర్తుండదు. డి.వి. సుబ్బారావు గొంతులో ఆ సీను విన్నవాళ్ళు ఇంకొకరి గొంతును అంత తేలిగ్గా ఒప్పుకోరు.

చిక్కు కూడా సరిగ్గా అక్కడే ఉంది. పద్యనాటకం భారమంతా ఒకే గొంతు మీద ఉంటుంది. ఆ గొంతు ఆ రాత్రి పలికితే స్వర్గం, పలకకపోతే కుర్చీ గుచ్చుకోవడం మొదలవుతుంది. ఒక తిరునాళ్ళలో జలుబు చేసిన కృష్ణుణ్ణి చూశాను. పాపం, పై షడ్జం దగ్గరికి వచ్చినప్పుడల్లా పక్కకు తిరిగి గొంతు సవరించుకుంటున్నాడు. అయినా రాగం మాత్రం తగ్గించలేదు. అర్జునుడు, దుర్యోధనుడు రెండు వైపులా కూర్చుని, నిద్ర నటిస్తున్న కృష్ణుడి కంటే నిజంగా నిద్రపోయారు. గొప్ప సాహిత్యం ఆ రాత్రి నన్ను కాపాడలేదు. మిరపకాయ బజ్జీలు కాపాడాయి.

మాయాబజార్ అలా కూలదు. ఘటోత్కచుడి పళ్ళెం సీను తీసుకోండి. రంగస్థలం మధ్యలో పళ్ళెం, దాని నిండా లడ్డూలు. ఘటోత్కచుడు నడుం మీద చేతులు వేసుకుని నోరు తెరుస్తాడు. మొదటి లడ్డూ కాస్త వణికి లేస్తుంది, గాలిలో ఒక్క క్షణం ఆగుతుంది, దారి గుర్తొచ్చినట్టు నేరుగా నోట్లోకి పోతుంది. పిల్లలు కేక వేస్తారు. రెండోది, మూడోది. ఒకసారి నాలుగోది నోటికి జానెడు దూరంలో తీగకు చిక్కుకుని ఊగుతూ ఉండిపోయింది. నటుడు కంగారు పడలేదు. మెడ సాచి దాన్ని అందుకున్నాడు, నమిలాడు, "ఇది పొగరుబోతు లడ్డూ" అన్నాడు. ఆ రాత్రి ఎక్కువ చప్పట్లు ఆ తప్పుకే పడ్డాయి. అభిమన్యుడు, ఘటోత్కచుడు అడవిలో కొట్టుకునేటప్పుడు నిప్పు అంటించిన బాణాలు రెండు వైపుల నుంచి వచ్చి గాలిలో ఢీకొంటాయి. ఒకటి గురి తప్పినా మరొకటి వస్తుంది. ఈలోగా తెర మారి ద్వారక అయిపోతుంది. ఒక పొరపాటును మింగడానికి పక్కనే పది తమాషాలు ఉంటాయి.

తేలిక నాటకం అంటాం గానీ ఆ తేలికదనం వెనక ఎన్ని చేతులు! తెరలు గీసేవారు, దీపాలు చూసేవారు, తాళ్ళు లాగేవారు అంతా ఒకే కుటుంబాల వాళ్ళు. ఇప్పుడు శశిరేఖ వేషం కట్టిన అమ్మాయి తన సీను లేనప్పుడు రంగస్థలం పక్క చాటున, వింగులో పసిపిల్లను ఎత్తుకుని ఉంటుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆట ఇది. వనారస గోవిందరావు పెంచిన ఆ సమాజంలో ఆడవేషాలు మొదటి నుంచీ ఆడవాళ్ళే కట్టారు. బయటి సమాజాల్లో మగవాళ్ళే నాయికలైన కాలమది. స్థానం నరసింహారావు సత్యభామ వేషంతో ఊళ్ళను ఊపి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. సురభికి ఆ గౌరవం రావడానికి చాలా కాలం పట్టింది. 1937 నాటి శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుకు, అందరూ బాబ్జీ అని పిలిచే ఆయనకు, 2013లో పద్మశ్రీ వచ్చింది. మా పెదనాన్న అప్పటికి లేరు. ఉంటే పేపరు మడిచి పక్కన పెట్టి, "గారడీకి ఇచ్చారా?" అని ఉండేవారు.

నిజానికి ఆయన పెద్ద నాటకానికీ పెద్దలు పెట్టిన వంకలున్నాయి. ఏడుపు వచ్చిన మనిషి ఆలాపన చేస్తాడా అన్నది నటుడు బళ్ళారి రాఘవ వాదం. సహజ నటన కోరిన ఆయనకు పాత్రను వదిలి రాగం పట్టుకుని వేలాడటం గిట్టలేదు. పద్యం వింటూ తల ఊపే మా పెదనాన్న కూడా రాఘవ లెక్కలో నాలాంటి దొంగే. ఇక రఘురామయ్య సంగతి సరేసరి. కృష్ణుడి వేషంలో పద్యం పాడి, నోట్లో వేలు పెట్టి అదే పద్యాన్ని ఈలలో వినిపించేవారు. అందుకే ఆయన ఈలపాట రఘురామయ్య అయ్యారు. కౌరవులతో యుద్ధమా శాంతా తేల్చడానికి వచ్చిన దూత ఈల వేయడం ఏ నాట్యశాస్త్రంలో ఉంది? ఎక్కడా లేదు. ఆ ఈల కోసమే టికెట్టు కొన్నవాళ్ళు ఎందరో. లడ్డూకూ ఈలకూ ఎంత దూరమో నాకైతే తెలియలేదు.

మూడో దారిగా చింతామణి ఉండేది. వేశ్యావ్యసనాన్ని ఎండగట్టడానికి కాళ్ళకూరి నారాయణరావు రాసిన నాటకం, ఊళ్ళలో మాత్రం అందులోని సుబ్బిశెట్టి పాత్ర జోకుల కోసం ఆడింది. ఒక కులాన్ని కించపరుస్తోందన్న అభ్యంతరాలతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో దాన్ని నిషేధించింది. ఈ పోలికలో దాన్ని నేను ఎలాగూ చేర్చను. అక్కడ నవ్వు ఎదుటివాడి మీద పడుతుంది. మాయాబజార్‌లో నవ్వు లక్ష్మణకుమారుడి మీద పడ్డా, వాడు ఎవరి ఇంటి మనిషీ కాడు.

మరి ఏది మేలు? పిల్లలతో వెళ్తుంటే ఆలోచించే పని లేదు, మాయాబజార్. పద్యం అంటే బడిలో కంఠస్థం పెట్టిన శిక్ష అనుకునేవారికి రాయబారం, అదీ పాడేవారి పేరు కనుక్కుని. తెలియని నటుడైతే కృష్ణుడు నిద్ర నటించే పడకసీను ఒక్కటి విని లేచి రావచ్చు, తప్పు లేదు. కాటిసీను విడిగా ఆడే చోటు దొరికితే వదలకండి, కానీ దానికి మనసు కుదురుగా ఉన్న రోజే వెళ్ళాలి. ఆఫీసులో చీవాట్లు తిన్న సాయంత్రం శ్మశానం వైపు పోకూడదు. నా మటుకు నేను పద్యనాటకాన్ని ఇంట్లో చెవిలో పెట్టుకుని వింటాను, సగం కంటే ఎక్కువ అందుతుంది. లడ్డూ ఎగరడం మాత్రం ఏ ఫోనులో చూసినా ఎగరడంలా ఉండదు. టికెట్టు డబ్బులు, బస్సు ప్రయాణం, సాయంత్రం అన్నీ ఖర్చు పెట్టేటప్పుడు నా ఓటు అటే.

వెళ్తే ఎక్కడ కూర్చోవాలన్నది ఒకటి మిగిలింది. తీగలు కనబడకూడదనుకునేవారు హాలు మధ్యకు జరగాలి. నేను ముందు వరుసలో, బాగా అంచున కూర్చుంటాను. అక్కడి నుంచి లడ్డూతో పాటు వింగులో తాడు లాగుతున్న మనిషి మోచేయి కూడా కనిపిస్తుంది.