ఐట్రిపుల్‌ఈ మెంబర్షిప్: ఏళ్ల తరబడి కట్టాక నా మాట

బెంగళూరులో నెట్‌వర్క్ స్విచ్‌లకు ఫర్మ్‌వేర్ రాయడం నా పని. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం ఐట్రిపుల్‌ఈ (IEEE). ఉద్యోగంలో చేరిన కొత్తలో తీసుకున్న దాని మెంబర్షిప్‌ను ఇప్పటికీ ఏటా రెన్యూ చేస్తున్నాను. మా అనంతపురం వైపు నుంచి వచ్చిన పిల్లలు మారతహళ్లిలో కలిస్తే అడిగేది ఒకటే: "అన్నా, దానివల్ల జాబ్ వస్తుందా?" రాదు. నేను వెళ్లిన ఏ ఇంటర్వ్యూలోనూ దాని ఊసే రాలేదు.

పేపర్లు చదువుకోవచ్చని చేరేవాళ్లూ ఒకసారి ఆలోచించాలి. మామూలు మెంబర్షిప్‌తో పేపర్లుండే ఎక్స్‌ప్లోర్ అనే ఆన్‌లైన్ లైబ్రరీ మొత్తం తెరుచుకోదు, దానికి విడిగా కట్టాలి. మనకు వచ్చేది స్పెక్ట్రమ్ పత్రిక, కాన్ఫరెన్సు ఫీజుల్లో తగ్గింపు. ఈథర్నెట్, వైఫై లాంటి ఐట్రిపుల్‌ఈ 802 స్టాండర్డ్‌లైతే వెలువడిన ఆరు నెలలకు ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎక్కువగా చూసే కంప్యూటింగ్ సంఘం ఏసీఎం (ACM) కూడా 1951 నుంచి 2000 వరకు వచ్చిన తన ప్రచురణలను 2022లో అందరికీ తెరిచింది. చదువు కోసమే అయితే ఆ డబ్బు దాచుకోండి.

నేను కడుతున్నది మనుషుల కోసం. పరికరాల గడియారాలు ఒకే సమయం చూపేలా నెట్‌వర్క్ మీదుగా కలిపే ఐట్రిపుల్‌ఈ 1588 ప్రోటోకాల్ మీద చాలాకాలం పనిచేశాను. నాకు అది స్పెసిఫికేషన్, టెస్ట్ కేసులు, బగ్ నంబర్లు. ఒక శనివారం ఐట్రిపుల్‌ఈ స్థానిక శాఖ (చాప్టర్) పెట్టిన టాక్‌లో కరెంటు సబ్‌స్టేషన్లలో పనిచేసిన పెద్దాయన మాట్లాడారు. ఆ గడియారాలు మైక్రోసెకను స్థాయిలో కలవకపోతే కొలతలు ఎలా తప్పుతాయో, వాటికి సమయం అందించే జీపీఎస్ సిగ్నల్ పోయిన కాసేపటికి ఏం జరుగుతుందో బొమ్మ గీసి చూపించారు. టాక్ అయ్యాక టీ దగ్గర ఆయన్ను వదల్లేదు. మా డిజైన్‌లో జీపీఎస్ పోయినప్పటి పరిస్థితికి సరైన టెస్టే లేదని అక్కడే తట్టింది. మా ఆఫీసులో అందరం ఒకే ప్రోడక్ట్ చుట్టూ తిరిగేవాళ్లం, ఆ మాట చెప్పగలిగినవాళ్లు మాలో లేరు.

తర్వాత వాలంటీర్‌గా దిగాను. హాల్ బుక్ చేయడం, వక్తలను పిలవడం, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు చూడడం. ఐట్రిపుల్‌ఈలో సీనియర్ మెంబర్ గ్రేడ్‌కు పదేళ్ల అనుభవంతో పాటు మన పని తెలిసిన ముగ్గురి సిఫారసు కావాలి. ఆ ముగ్గురూ నాకు ఈ పనుల్లో దొరికినవాళ్లే.

నచ్చనివీ ఉన్నాయి. నేను తిరిగిన ఒక సంఘంలో వేదిక మీద శాలువాలు, మెమెంటోలకే గంట పోయేది, అసలు టాక్‌కు ఇరవై నిమిషాలు మిగిలేది. దూరం నుంచి ట్రాఫిక్‌లో పడి వచ్చిన కుర్రాళ్లు రెండోసారి రారు. నాకు అది నిజంగా బాధ. కమిటీల్లో ఏళ్లకేళ్లు అవే పేర్లు ఉండడం కూడా మారాలి.

సివిల్, మెకానికల్ వాళ్ల లెక్క వేరు. 1920లో మొదలైన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్‌లో కార్పొరేట్ సభ్యులైతే (అంటే కంపెనీలు కాదు, అర్హతలున్న ఇంజినీర్లే) చార్టర్డ్ ఇంజినీర్ హోదా వస్తుంది; యంత్రాల విలువ కట్టి సర్టిఫికెట్ ఇవ్వడం లాంటి పనులకు అది అక్కరకొస్తుంది. డిప్లొమా చేసి అదే సంస్థ పెట్టే ఏఎంఐఈ పరీక్షలు రాద్దామనుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త. 2013 మే 31 తర్వాత నమోదైనవాళ్లకు కేంద్రం దాన్ని బీటెక్‌తో సమానంగా గుర్తించడం లేదు.

బెంగళూరులో చాలా టాక్‌లకు మెంబర్ కాకపోయినా రానిస్తారు. ముందు రెండు మూడింటికి వెళ్లండి, ప్రశ్నలు అడగండి, టీ దాకా ఆగండి. శనివారాలు ఇవ్వగలమనిపిస్తే అప్పుడు కట్టండి. స్టూడెంట్ ఫీజు చాలా తక్కువ కాబట్టి కాలేజీలో ఉన్నవాళ్లు ఆగక్కర్లేదు.