ఆఫ్‌రోడ్ వీడియోలకి ఆస్మో యాక్షన్ 4: పాత మోడలే, కానీ కావలసింది ఇదే

తక్కువ ఖర్చులో ఆఫ్‌రోడ్ డ్రైవింగ్ తీయడానికి ఏ కెమెరా కొనాలని అడిగినవాళ్లందరికీ నేను ఒకటే చెబుతున్నాను. సరికొత్త మోడల్ వద్దు. పేరూ ఊరూ తెలియని చవక ‘4కె’ కెమెరా అసలే వద్దు. పేరున్న కంపెనీది ఒకటి రెండు తరాల వెనకటి మోడల్ చూసుకోండి. నేను వాడేది డీజేఐ ఆస్మో యాక్షన్ 4. 2023లో వచ్చింది, మరుసటి ఏడాదే యాక్షన్ 5 ప్రో దించారు. కొత్తది వస్తే వెనకటిదాని ధర దిగుతుంది, మనకి కావలసిన పని మాత్రం అందులో అలాగే ఉంటుంది.

చవక కెమెరాలు ఎందుకు వద్దంటున్నానంటే, చాలావాటిలో పెట్టె మీదున్న 4కె నిజం కాదు. తక్కువ పిక్సెళ్లతో తీసిన బొమ్మని సాగదీసి 4కె అంటారు. స్టెబిలైజేషన్, అంటే వీడియోలో కుదుపు తగ్గించే ఏర్పాటు, ఉందని రాస్తారు, 4కె పెట్టగానే అది పనిచేయడం మానేస్తుంది. మన పనిలో అసలు చిక్కు ఇంకొకటుంది. బండిలో రెండు రకాల కదలికలుంటాయి: రాయి ఎక్కి దిగినప్పటి పెద్ద కుదుపు, ఇంజిన్ నుంచి వచ్చే సన్నని అదురు. కుదుపుని కెమెరా తనలోని జైరోస్కోప్ అనే కదలిక కొలిచే పరికరంతో కొలిచి, ఫ్రేమ్ అంచులు కొంత కోసి సర్దుతుంది. అదురు అలా సర్దుకోదు. సెన్సర్ (వెలుతురుని బొమ్మగా మార్చే చిప్) బొమ్మని ఒక్కసారిగా కాక వరుస తర్వాత వరుసగా చదువుతుంది, ఆ లోపే కెమెరా కదిలిపోతుంది. లో రేంజ్ గేర్లలో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేవి) డీజిల్ బండి రాళ్లెక్కుతుంటే బానెట్ అంచు గాలికి ఆరేసిన బట్టలా అలలు తిరుగుతూ కనిపిస్తుంది. నేను ఇంతకుముందు వాడిన ఒక చవక కెమెరాలో ఏ సెట్టింగ్ మార్చినా ఆ అలలు పోలేదు.

యాక్షన్ 4లో నన్ను పట్టేసింది సెన్సర్. 1/1.3 అంగుళాలది. పోటీ కంపెనీ గోప్రో హీరో 11, 12లలో ఉన్నది 1/1.9 అంగుళాలు. అంకెలు చూస్తే చిన్న తేడాలాగే ఉంటుంది గానీ చెట్ల కింద దారిలో తెలుస్తుంది. ఎండలోంచి నీడలోకి వెళ్లగానే కెమెరా వెలుతురు చాలక షటర్ నెమ్మది చేస్తుంది. అప్పుడు కుదుపు ప్రతి ఫ్రేమ్‌లోనూ మసకగా పడుతుంది. స్టెబిలైజేషన్ ఫ్రేమ్‌ని కదలకుండా నిలబెట్టినా ఆ మసక పోదు, బొమ్మ ఉండుండి కళ్లు చికిలించినట్టుంటుంది. సెన్సర్ పెద్దదైతే నీడలో కూడా షటర్ వేగంగానే ఉంచుకోవచ్చు. నేను ప్రో మోడ్‌లో షటర్‌ని 1/240 సెకను దగ్గర నిలిపి, అవసరమైనంత ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచుకుంటాను. కొంచెం గరుకు వస్తుంది, రానివ్వండి. దారికి అడ్డంగా ఉన్న వేర్లు, తడిసిన రాయి మెరుపు విడివిడిగా కనబడతాయి. టైరు ఎక్కడ పట్టు దొరికించుకుందో చూసేవాళ్లకి అర్థమవుతుంది. నాకు వీడియోలో కావలసింది అదే.

స్టెబిలైజేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలనుకోవడం పొరపాటు. కెమెరాని బండి లోపల బిగించి స్టీరింగ్, డ్రైవర్ చేతులు తీస్తున్నారనుకోండి, కెమెరా బండితో పాటే కదులుతోంది కదా. రాక్‌స్టెడీ (డీజేఐ స్టెబిలైజేషన్ పేరు) ఆన్ చేస్తే అది బయటి లోకాన్ని నిలబెట్టాలని చూస్తుంది, దాంతో డ్యాష్‌బోర్డ్, స్టీరింగ్ ఫ్రేమ్‌లో ఎగిరెగిరి పడతాయి. లోపల ఆఫ్ చేయండి. బయట, బంపర్ దగ్గరో రోల్ బార్ మీదో ముందుకి చూసేటప్పుడు ఆన్ చేయండి.

హొరైజన్ (నింగీ నేలా కలిసే గీత) సర్దే ఆప్షన్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. హొరైజన్ బ్యాలెన్సింగ్ 45 డిగ్రీల వరకు వంపుని సరిచేస్తుంది. బైకుకి, సైకిల్‌కి అద్భుతం. జీపుకి మాత్రం, ఫ్రేమ్‌లో బానెట్ లేకపోతే, గుండె జారేంత పక్కకి ఒరిగిన బండి కూడా చదునైన దారిలో పోతున్నట్టు కనిపిస్తుంది. అంత కష్టపడి దాటిన వాలు వీడియోలో మాయమైపోతుంది.

ఏటవాలు దారులదీ అదే బాధ. వైడ్ లెన్స్ దూరంలో ఉన్నవాటిని చిన్నవి చేసి ఎత్తుని పడుకోబెడుతుంది. అద్దం వెనకనుంచి పైకి చూసేలా తీస్తే ఎంత నిటారు దారైనా మామూలు మట్టిరోడ్డులా ఉంటుంది. అందుకే మా తమ్ముడు దిగి దారి చూపిస్తున్నప్పుడు కెమెరా వాడి చేతికిస్తాను. పక్కనుంచి, నడుం కంటే కిందుగా, కెమెరాని మట్టంగా పట్టుకుని, నిలువుగా ఉన్న చెట్టొకటి ఫ్రేమ్‌లో ఉండేలా తీస్తాడు. చెట్టుకీ బండికీ మధ్య ఉన్న కోణమే వాలు ఎంతుందో చెబుతుంది. అల్ట్రా వైడ్ 155 డిగ్రీలు వద్దు, గీతల వంపు సరిచేసే డీవార్ప్ చాలు. ఇక్కడే దీని అయస్కాంతపు క్విక్ రిలీజ్ మౌంట్ (కెమెరాని బిగించే పట్టు) పనికొస్తుంది, రెండు పక్కలా నొక్కితే కెమెరా చేతిలోకి వస్తుంది. స్క్రూలు విప్పుతూ కూర్చుంటే వెనక బండ్లవాళ్లు ఆగాలి.

మౌంట్‌కి డబ్బు మిగుల్చుకోండి. మౌంట్ చేయి ఎంత పొట్టిగా ఉంటే అదురు అంత తక్కువ. అతికించే మౌంట్ అయితే ముందు స్పిరిట్‌తో తుడిచి, అంటించాక 24 గంటలు ముట్టుకోకూడదు. రబ్బరు కప్పుతో అంటుకునే సక్షన్ మౌంట్‌ని ఎంత నమ్మినా సరే, సన్నని తాడు ఒకటి కెమెరాకీ బండికీ కట్టాల్సిందే. కొమ్మ తగిలితే ఏ మౌంటూ ఆగదు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. మెమరీ కార్డు వీ30 (సెకనుకి కనీసం 30 ఎంబీ రాయగలిగేది) ఉండాలి. బిట్‌రేట్ గరిష్ఠంగా 130 మెగాబిట్లు, అంటే గంటకి 58 జీబీ పైనే, పైగా ఇందులో లోపలి మెమరీ లేదు. కేసు లేకుండానే 18 మీటర్ల లోతు తట్టుకుంటుంది, వాగు దాటడానికి భయం లేదు. కానీ చార్జింగ్ కేబుల్ కోసం మూత తీశారా, ఆ రక్షణ పోయినట్టే. జీపీఎస్ కెమెరాలో లేదు. దారి, వేగం వీడియో మీద చూపించాలంటే హీరో 11 చూడండి, హీరో 12లో గోప్రో జీపీఎస్ తీసేసింది. 2024లో వచ్చిన చిన్న గోప్రో హీరో ముచ్చటగా 86 గ్రాములే, అయితే దాని స్టెబిలైజేషన్ ఫోన్ యాప్‌లో జరుగుతుంది. రోజంతా తీసిన ఫుటేజ్ ఉన్నవాళ్లకి అది పెద్ద పని.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే ముందు లెన్స్ కవర్ మార్చుకోవచ్చో లేదో చూడండి. హీరో 8కి మార్చలేం, హీరో 9 నుంచి కుదురుతుంది, యాక్షన్ 4కీ కుదురుతుంది. ఎండిన బురదని గుడ్డతో తుడిస్తే ఇసుక రేణువులు గాజు మీద గీతలు పెడతాయి. ముందు నీళ్లు పోసి, బురద దానంతటదే జారిపోయాకే తుడవండి. నా బ్యాగులో ఒక నీళ్ల సీసా ప్రత్యేకంగా దీనికోసమే ఉంటుంది.