బోలు ఘనాకారాల సెట్: బాగా వాడాక నా రివ్యూ

పిల్లలకి లెక్కలు చెప్పేటప్పుడు వాడదామని తీసుకున్న ప్లాస్టిక్ సెట్ ఇది, ఆకారాలన్నీ పారదర్శకంగా, లోపల బోలుగా ఉంటాయి, మూత తీసి ఇసుకో నీళ్ళో పోసుకోవచ్చు. ముఖాలెన్ని అంచులెన్ని శీర్షాలెన్ని అని లెక్కపెట్టించి పక్కన పెట్టేసేటట్టయితే మాత్రం కొనకండి, దానికి పుస్తకంలో బొమ్మ సరిపోతుంది. రెండేసి ఆకారాలు పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడే దీని విలువ తెలుస్తుంది.

క్యూబ్, క్యూబాయిడ్ తీసుకోండి. రెండిటికీ 6 ముఖాలు, 12 అంచులు, 8 శీర్షాలు, అంటే లెక్కపెడితే తేడా దొరకదు, చేత్తో తిప్పి చూస్తేనే దొరుకుతుంది: క్యూబ్ ఎటు తిప్పినా అలాగే ఉంటుంది, క్యూబాయిడ్ పొడుగు మారిపోతుంది. చతురస్ర పిరమిడ్, త్రిభుజ పట్టకం (ప్రిజమ్) ఇంకా మంచి జత, రెండిటికీ ముఖాలు 5 గానీ పిరమిడ్‌కి 8 అంచులు 5 శీర్షాలు, పట్టకానికి 9 అంచులు 6 శీర్షాలు. ముఖాలూ శీర్షాలూ కూడి అంచులు తీసేస్తే రెండు చోట్లా 2 వస్తుంది, ఆయిలర్ సూత్రం అన్నమాట. షడ్భుజ పట్టకంతో కూడా చేయించండి, 8+12−18, మళ్ళీ 2. తర్వాత సిలిండర్ ఇస్తే ముఖాలు 3, వృత్తపు అంచులు 2, శీర్షాలు సున్నా, మొత్తం 1 వస్తుంది, అప్పుడు పిల్లలే అడుగుతారు ఎందుకు తప్పిందని. ఆ సూత్రం చదును ముఖాలున్న వాటికి అని అప్పుడు చెబితే ఇక మర్చిపోరు, నాకు ఈ సెట్‌లో బాగా నచ్చిన ఘట్టం ఇదే.

ఇక పోసి చూడటం. సిలిండర్‌కున్నంతే అడుగుభాగం, అంతే ఎత్తు ఉన్న శంకువుతో (కోన్) మూడుసార్లు పోస్తే సిలిండర్ నిండుతుంది, పిరమిడ్‌కీ దాని పట్టకానికీ కూడా ఇదే లెక్క. ఎత్తు, వ్యాసం సమానంగా ఉన్న సిలిండర్ తీసుకుంటే అందులో సరిగ్గా పట్టే గోళం దాంట్లో మూడింట రెండొంతులు, అంటే శంకువు, గోళం, సిలిండర్ 1:2:3. ఉపరితల వైశాల్యంలోనూ గోళం ఆ సిలిండర్‌కి, పైనా కిందా మూతలతో కలిపి, మూడింట రెండొంతులే! దీన్ని నిరూపించిన ఆర్కిమెడిస్ తన సమాధి మీద ఈ గోళం-సిలిండర్ బొమ్మే పెట్టమన్నాడట, చేత్తో పోసి చూశాక ఆయనకి అంత ముచ్చటెందుకో అర్థమైంది.

లోపాలూ ఉన్నాయి. ప్లాస్టిక్ గోడల మందం వల్ల లోపలి కొలతలు బయటి కొలతలకి సరిపోవు, కాబట్టి స్కేలుతో బయట కొలిచి సూత్రంలో వేస్తే పోసి చూసిన లెక్కకి కొంచెం తేడా వస్తుంది. గోళం రంధ్రం చిన్నది, నీళ్ళు పోస్తే లోపల గాలి బుడగ ఉండిపోతుంది, ఒక పక్కకి వంచుతూ నింపాలి. ఇసుకైతే గీతలు పడి మసకబారుతుంది, అయినా మూతలు వదులయ్యాక కారదు కాబట్టి నా ఓటు సన్న ఇసుకకే, పైన స్కేలుతో చదును చేసుకుంటే చాలు.

ఇంకో కొరత, ఘనపరిమాణం ఒకటే అయి ఆకారం వేరైన జత ఇందులో లేదు. 1 సెంటీమీటర్ క్యూబులు 8 విడిగా తీసుకోండి: 2×2×2 గా పేరిస్తే ఉపరితలం 24 చదరపు సెంటీమీటర్లు, 1×2×4 అయితే 28, వరసగా పెడితే 34.